సుగుణక్క అడిగిన ఆశీర్వాదం

రవికె కుట్టే ముందు లైనింగు బట్టను నీళ్లలో నానబెట్టి ఆరేస్తాం. లేకపోతే మొదటి ఉతుకులోనే అది ముడుచుకుపోతుంది. ఇవాళ ఉదయం ఇంకా తడి ఆరని బట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచిన గంజి వాసనకు సుగుణక్క గుర్తొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక సందులో, ఒకే షట్టరు ఉన్న గదిలో, మెడలో టేపు వేసుకుని నిలబడేది. నాకు పని నేర్పిన మనిషి. చుట్టం కాదు, మా చర్చిలో ముందు వరసలో చాప మీద కూర్చునేది. భర్త పోయాక కిరాయి గదిలో ఒక్కతే ఉండేది.

ఆ బజారుకు చీరలు కొనను జనం విరగబడేది ఆదివారమే. ఆమె షట్టరు లేవనిదీ ఆదివారమే. ఒక శనివారం సాయంత్రం గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకావిడ పెళ్లి రవికెలు తెచ్చింది. "రేపు ఒక్కరోజు కొట్టు తీస్తే మీ దేవుడేమన్నా కోప్పడతాడా అండీ?" అని బతిమాలింది.

"ఆయనేం కోప్పడడమ్మా. ఆరు రోజులు మీ కొలతలు నేను చూస్త. ఒక్కరోజన్న ఆయన నన్ను చూడనీ."

"బాగుందండీ, మీ దేవుడు సెలవు కూడా ఇస్తాడన్నమాట!"

"ఇస్తడు. మీ సారు ఇయ్యడా?"

ఆవిడ పకపకా నవ్వి, సోమవారం ఇచ్చినా చాలులెమ్మని బట్టలు వదిలి వెళ్లింది. అప్పుడు ఆమె దగ్గరే పనిచేస్తున్న నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక పెద్ద బట్టల షోరూము వాళ్లు తమ కుట్టుపనంతా మాకే ఇస్తామని, అయితే ఆదివారాలు కూడా పని నడవాలని కబురు పంపిన రోజులవి. అక్క వద్దంది. "నీకు చేతకాకుంటే నేను చేస్త" అని బయటికొచ్చి, ఆ పని నేనే ఒప్పుకుని, ఎల్బీ నగర్ మెట్రో స్టేషను దగ్గర దుకాణం పెట్టాను.

మాలో ఇల్లు కట్టినా, కారు కొన్నా సంఘాన్ని పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టి, ప్రార్థన అయ్యాక బిర్యానీ పెట్టడం ఆనవాయితీ. నా దుకాణానికీ పెట్టాను. పెద్దలు ఒకరి తరువాత ఒకరు లేచి, "ప్రభువా, దీన్ని పదింతలు చేయుము", "ఊరూరా బ్రాంచీలు దయచేయుము" అని ప్రార్థించారు. ప్రతి మాటకూ అందరికంటే గట్టిగా నేనే ఆమెన్ అన్నాను. చివరికి పాస్టరుగారు అక్కను ప్రార్థించమన్నారు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, "నాయనా, సామేలుకు శానా ఇచ్చినవ్. ఇగ చాలు అనే మనసియ్యి" అంది. అలవాటు కొద్దీ సగం మంది ఆమెన్ అనేశారు. తరువాత ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు.

వడ్డన మొదలయ్యాక ఆమెను మెట్ల దగ్గర పట్టుకున్నాను. "అందరి ముందట నా దుకాణాన్ని శపిస్తవా అక్కా?"

"శాపమెట్లయితది రా? రోజూ నాకోసం అడుక్కునేదే నీకోసం అడిగిన."

"నీకాడ ఏం లేదు. చాలు అనుడు నీకు తేలికే."

అంతమాట అన్నాను. ఆమె పళ్లెం నా ముందుకు చాపింది. "లేనోనికే అది కష్టం రా, పిచ్చోడా. మంచి ముక్క ఎయ్యి. నీ కోపం నా మీద గదా, నా ఆకలి మీద కాదు గదా."

దుకాణం బాగా నడిచింది. దేవుడు నన్ను నష్టపెట్టి బుద్ధి చెప్పాడంటే వినడానికి బాగుండేది. ఆయన అలా చేయలేదు. ఆదివారాలు నా భార్య, కూతురు చర్చికి వెళ్లేవారు. నేను వాళ్ల చేత కానుక కవరు పంపేవాణ్ని. అక్కడ కానుకలిచ్చినవాళ్ల పేర్లతో పాటు నా పేరూ చదివేవారు. పేరు వినబడితే మనిషి వచ్చినట్టేనని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ తప్పు సంఘానిది కాదు, నాది.

అక్కకు జబ్బు చేసిందని తెలిసి చూడబోయాను. "ఆదివారం జర రారాదు, ఇద్దరం కూసోని ఒక పాట పాడుకుందాం" అంది. అంతలోనే షోరూము నుంచి ఫోను. "ఈ పెళ్లిళ్ల సీజను అయిపోనీ అక్కా" అని లేచాను. సీజను ముగియకముందే ఆమె ప్రభువునందు నిద్రించింది. సమాధి దగ్గర అందరూ పాడుతుంటే నేను పాటల పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాను.

ఆ వారమే ఆదివారం పని మానేశాను. షోరూము పని పోయింది. కుట్టేవాళ్లలో చాలామందికి వేరేచోట పని చూపించి, మిగిలిన మిషన్లు అమ్మేశాను. మా బావమరిది ఇంటికొచ్చి అరిచాడు. "లాభంలున్న దుకాణాన్ని చిన్నగ చేసుకున్నోన్ని నిన్నొక్కన్నే చూసిన బావా! బడంగ్‌పేట్‌ల కడ్తనన్న ఇల్లు ఇగ ఎట్ల కడ్తవ్?"

"ఉన్న ఇంట్లనే ఇన్నేండ్లు కుదురుగ కూసోలే. ముందుగాల అది చేస్త."

మొన్న మా అమ్మాయి పుట్టినరోజు కూడికలో ఒక పెద్దాయన నా తలమీద చెయ్యి పెట్టి, "ప్రభువా, తగ్గిపోయిన ఈయన వ్యాపారాన్ని విస్తరింపజేయుము" అన్నాడు. గదంతా ఆమెన్ అంది. నేను అనలేదు. వినబడలేదనుకున్నాడేమో, అదే మాట ఇంకా గట్టిగా ప్రార్థించాడు. నేను పెదవులు బిగించుకుని కూర్చున్నాను. ఆయన కళ్లు తెరిచాడు.

"ఆమెన్ అనవేంది బ్రదర్?"

"భయమైతున్నదయ్యా," అన్నాను. "దేవుడు నిజంగనే ఇస్తడేమోనని."