తార్నాక గేటు దగ్గర మధ్యధరా సముద్రం

మహాజనులారా, మీ సాయంత్రపు చాయ్ చల్లార్చబోతున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నా.

బంద్ రోజున నేనూ మా కడప రూమ్మేటూ, రేపటి సెమినార్ కోసం వాడు కష్టపడి గీసిన చార్టుతో క్యాంపస్‌కు వస్తున్నం. తార్నాక గేటు దగ్గర ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం అన్నలు ఆపిండ్రు. విప్పితే ఇసుక, పడవలు.

"ఏందిది, వైజాగా? ఆంధ్రోళ్ల సముద్రం మనకెందుకురా?" ఒకన్న రెండు చేతుల పట్టుకున్నడు, చింపుడే తక్కువ.

నేనే అందుకున్న: "మధ్యధరా సముద్రం అన్నా! జాలరోళ్ల బస్తీ. బయటోళ్లొచ్చి హోటళ్లు కట్టిండ్రు. మా బీచ్ మాగ్గావాలె అని కొట్లాడుతున్నరు."

అన్న చార్టు మెల్లగా చుట్టిచ్చిండు. "జై మధ్యధరా! గా సముద్రం ఏడున్నది తమ్మీ?"

జవాబు చెప్పబోయి రూమ్మేట్ నోరు తెరిచిండు. వాడి నోట కడప యాసల 'ఉండాది' అని వచ్చిందా, వాడూ చార్టూ ఖతం.

మీరైతే ఏం చేసేటోళ్లో కింద రాయండి. నేను చేసిందల్లా వాడి కాలు గట్టిగా తొక్కుడే.