ఎర్ర రిబ్బన్ల చెట్లు

పరిశోధన వ్యాసం పంపడానికి పత్రికవాళ్ళ వెబ్‌సైటులో పెద్ద పచ్చ బటన్ ఉంటుంది. పంపినదాన్ని వెనక్కి తీసుకోవడానికి ఎంత వెతికినా ఏ బటనూ ఉండదు. ఈ సంగతి నాకు మా బాబాయి పుణ్యమా అని తెలిసింది.

నేను నూజివీడులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. ఒక్క వ్యాసమైనా పత్రికలో వస్తేగాని థీసిస్ ముట్టుకోరు. నా అంశం మామిడి పూతను పీల్చేసే తేనెమంచు పురుగు. బాబాయికి విస్సన్నపేట దగ్గర బంగినపల్లి తోట ఉంది. అందులో ఒక వరుస చెట్లకు మందు కొట్టించి, పక్క వరుసను కొట్టకుండా వదిలేసి, రెండింటి కాపునూ పోల్చాలి. వదిలేసే చెట్లకు ఎర్ర రిబ్బన్లు కట్టాను.

"వీటి జోలికి మాత్రం పోవద్దు బాబాయ్" అన్నాను.

"నాకు చెప్పాలా అమ్మా!" అన్నాడు.

తీరా చూస్తే రెండు వరుసల కాపుకీ తేడా లేదు. మా గైడు గారూ నేనూ ముందు ఆశ్చర్యపోయి, తర్వాత తెగ సంబరపడ్డాం. ఈ మందు దండగ, రైతులు ఊరికే కొడుతున్నారు అని ధైర్యంగా రాసి పంపేశాం. చివర్లో బాబాయికి కృతజ్ఞతలు చెప్పాం. ఆయన పేరు ఇంగ్లీషులో అచ్చవబోతోందని విస్సన్నపేట ఆటోస్టాండులో తెలియనివాళ్ళు లేరు.

పత్రిక జవాబు కోసం ఎదురుచూస్తూ ఒక ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను.

"మందు కొట్టని చెట్లు కూడా ఎంత బాగా కాశాయో బాబాయ్" అన్నాను.

"కాయక ఎక్కడికి పోతాయే!" అని మీసం దువ్వుకున్నాడు. "నువ్వటు బస్సెక్కావో లేదో, ఆ ఎర్ర రిబ్బన్ల చెట్లకీ దగ్గరుండి కొట్టించా. మిగతావాటికంటే ఓ చెయ్యి ఎక్కువే పడింది."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు బాబాయ్?"

"ఎందుకేంటి? పిల్ల అంత కష్టపడి చదువుకుంటుంటే దాని చెట్లే మాడిపోతే ఎంత నామర్దా! రోడ్డు పక్క తోటాయె, పోయేవాళ్ళంతా చూస్తారు."

"ఇంకాస్త నెయ్యి వేసుకో" అంది పిన్ని.

నాకు ఒళ్ళు మండిపోయింది. కడిగేద్దామని నోరు తెరిచాను. ఆయనేమో శభాష్ అంటానని నా మొహంలోకే చూస్తున్నాడు. నెయ్యి వేసుకున్నాను.

గైడు గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన "మీ బాబాయి గారి ఆరోగ్యం బాగుందా అమ్మా?" అని అడిగి, వ్యాసం వెనక్కి తీసుకుందాం అన్నారు. అది నమ్మి ఏ రైతైనా మందు మానేస్తే ఏడాది పంట పోతుంది. తీసుకుంటే నా చదువు మళ్ళీ పూత వచ్చేదాకా ఆగిపోతుంది. తలుపేసుకుని కాసేపు ఏడ్చి, ఎడిటరు గారికి మెయిల్ రాశాను. వదిలేసిన చెట్లకు మందు ఎలా పడిందని ఆయన అడిగారు. అభిమానం వల్ల అని టైపు చేసి, చెరిపేసి, పొరపాటున అని పంపాను. వ్యాసాన్ని తొలగించామని ఒక్క లైను జవాబు వచ్చింది.

బాబాయికి చెప్పక తప్పలేదు. "అయితే నా పేరు రాదా?" అన్నాడు ముందు. కాసేపటికి విషయం బుర్రకెక్కింది. "నీ చదువు నేనే చెడగొట్టానన్నమాట" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం తినలేదని పిన్ని చెప్పింది.

మళ్ళీ పూతకు మళ్ళీ రిబ్బన్లు కట్టాను. ఈసారి బాబాయి మాట నిలబెట్టుకున్నాడు. ఆ వరుసలో పూత మాడి రాలిపోయింది, ఆకులు మసి పట్టి నల్లబడ్డాయి. ఆయన ఆ వైపు గేటు మానేసి, చుట్టూ తిరిగి వెనకనుంచి తోటలోకి వెళ్ళేవాడట. ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి చదువుతోంది" అనేవాడట.

కోతల రోజున ఆ చెట్ల కింద నా గంప అడుగు కూడా నిండలేదు. ఫలితం బ్రహ్మాండంగా ఉందని గైడు గారు ఫోన్లో మెచ్చుకున్నారు. బాబాయి పక్కనే నిలబడి ఒక కొమ్మ వంచి, నల్లబడ్డ ఆకుల్ని తువ్వాలుతో ఒక్కొక్కటే తుడుస్తున్నాడు.

"ఈసారి అచ్చవుద్దా?"

"అవుద్ది బాబాయ్."

"మరి ఇప్పుడు వీటికి మందు కొట్టించుకోవచ్చా?"

కొట్టించుకోమన్నాను. కాయ లేని ఆ చెట్లకు ఆయన పొద్దుగూకేదాకా దగ్గరుండి మందు కొట్టించాడు.