ఐదు సీసం గుండ్లు

ఫోను వచ్చినప్పుడు నేను షాపులో ఒక పెద్దావిడ చెవుల వెనుక ఫ్రేము సరిచేస్తున్నాను. కరీంనగర్‌లో నాది కళ్లద్దాల షాపు. ఫోనులో చర్చి పెద్ద. "తమ్మీ, డ్రాయింగ్ సారు పోయిండు. పొద్దుగాల ఆరింటికి ప్రభువు పిలుసుకున్నడు" అన్నాడు. ఫ్రేము కౌంటర్ మీద పెట్టేశాను. ఆయనే మళ్లీ అందుకుని, "ఎన్ని తిప్పలు పడ్డడు పాపం, ఎనిమిది నెలలు! క్యాన్సరాయె. నీకు ఎరుకే గదా" అన్నాడు.

నాకు ఎరుక లేదు.

ఆ మాట ఆయనతో అనలేకపోయాను. "ఆఁ" అని ఫోను పెట్టేశాను. ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం సారు ఇంట్లో, సారు పక్కన, ఒకే బల్ల ముందు కూర్చున్నవాణ్ణి నేను. నాకు తెలియదని ఎవరితో చెప్పుకోను?

సారు పేరుతో చర్చివాళ్లు ఒక చిన్న పుస్తకం వేస్తూ నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. రాసిచ్చాను. అందులో అన్నీ మంచి మాటలే. చచ్చిపోయిన మనిషి మీద కోపంగా ఉందని అలాంటి పుస్తకంలో రాయరు కదా. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

చెన్నూరులో నేను చదివిన బడికి సారు డ్రాయింగ్ టీచరుగా వచ్చారు. నల్లగా, పొట్టిగా, నాగలి పట్టే రైతు వేళ్లంత లావు వేళ్లతో ఉండేవారు. ఆ వేళ్లతో చీమ తలకాయంత ముక్కను పట్టుకుని సరిగ్గా దాని చోట పెట్టేవారు. సారు తమ్ముడు దుబాయిలో పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా అందరూ సెంట్లు, సబ్బులు తెచ్చినట్టు అతను అన్నకు విమానాల డబ్బాలు తెచ్చేవాడు. యుద్ధ విమానాలు. అసలుదాంట్లో డెబ్బై రెండో వంతు. డబ్బా తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలు, వాటికి అంటుకుని నంబర్లేసిన ముక్కలు ఉంటాయి. ఒక్కో ముక్కా కోసి, గరుకు కాగితంతో రుద్ది, అంటించి, రంగు వేసుకోవాలి. బడి విడిచాక మాలో ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టుకుని సారు అది నేర్పేవారు. మిగతా వాళ్లు వారం తిరక్కుండానే క్రికెట్‌కు పోయారు. నేను మిగిలాను.

సారు పనిచేసేటప్పుడు మాట్లాడేవారు కాదు. మాట్లాడితే రెండే మాటలు. నేను జిగురు ఆరకముందే ముక్కను కదిలిస్తే, "ఆరనీయిరా, ఆరనీయి. తొందరున్నోడు కాయితప్పడవ చేసుకోవాలె" అనేవారు. రెండోది, విమానం డొల్ల రెండు సగాలనూ కలిపే ముందు అనేది: "మూసే ముందు ఓసారి కడుపుల చూడు."

ఎందుకంటే ఈ జెట్ విమానాలకు బరువంతా వెనకే ఉంటుంది. ముక్కులో ఏదైనా బరువు వేసి మూయాలి. వేయకపోతే, అన్నీ అయిపోయి చక్రాల మీద నిలబెట్టిన రోజున, విమానం తోక మీద కూలబడుతుంది. అప్పటికి మళ్లీ తెరవడం కుదరదు. ఆ బరువుకు సారు గోదావరి ఒడ్డున చేపలు పట్టేవాళ్ల దగ్గరికి పోయి, చినిగిన వలల అంచుల నుంచి సీసం గుండ్లు ఏరుకొచ్చేవారు. మా విమానానికి ఐదు గుండ్లు. పని మొదలుపెట్టగానే ఐదింటినీ చాయ్ సాసర్‌లో వేసి ఎదురుగా పెట్టేవారు. సాసర్ ఖాళీ అయ్యాకే మూయాలి. అదీ పద్ధతి.

తొమ్మిదో తరగతిలో బడిలో ఎగ్జిబిషన్ పెట్టారు. నేను సొంతంగా ఒక మిరాజ్ యుద్ధ విమానం కట్టాను. చక్రాలు ఆ పొద్దున్నే అంటించి, ఆరేదాకా విమానాన్ని వెల్లకిలా పడుకోబెట్టాను. హెడ్‌మాస్టరూ, ఊరి పెద్దలూ, బడి మొత్తమూ చూస్తుండగా తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద దాన్ని తిప్పి నిలబెట్టాను. ముక్కు గాల్లోకి లేచింది. తోక టక్కున బల్లకు తగిలింది.

"గిదేందిరో, బర్రె కూసున్నట్టు కూసున్నది!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. బడి బడంతా నవ్వింది. నేను గబగబా ఒక అగ్గిపుల్ల విరిచి తోక కింద పెట్టాను. సారు వచ్చి ఆ పుల్ల తీసేశారు. "పుల్ల పెట్టకు. కూసోనియ్యి" అన్నారు. సాయంత్రం దాకా అది అట్లాగే కూర్చుంది. వచ్చినవాళ్లందరూ నవ్విపోయారు.

అందరూ పోయాక అడిగాను. "సార్, నేను ముక్కుల సీసం మరిసిపోయిన. మూసిననాడు మీరు నా పక్కనే ఉన్నరు గదా. చూసిండ్రా?"

"చూసిన."

"మరి చెప్పకపోతిరి?"

"చెప్తె గా ఒక్క విమానం నిలబడుతుండె. ఇగ నువ్వు ఎన్ని కట్టినా అన్ని నిలబడ్తయి."

వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన చెప్పిందీ నిజమే, ఆ తర్వాత నేను కట్టిన ఒక్క విమానమూ కూలబడలేదు. కానీ నా పక్కనే కూర్చుని, చూసి, నోరు మెదపకుండా ఉండడం ఎట్లా సాధ్యమైందో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. గురువు చేసే పనేనా అది!

తర్వాత అందరికీ అయ్యేదే నాకూ అయింది. చదువు, కళ్లద్దాల షాపులో పని, పెళ్లి, సొంత షాపు, ఇద్దరు ఆడపిల్లలు. ఇరవై రెండేళ్లు ఒక్క ముక్క అంటించలేదు. నా గరుకు కాగితాలు, సన్న కుంచెలు ఏ ఇల్లు మారినప్పుడు ఎక్కడ పోయాయో కూడా తెలియదు.

సారుకు పిల్లలు లేరు. రిటైరై నర్సమ్మతో కరీంనగర్ వచ్చి చర్చి వెనక వీధిలో ఉంటున్నారని నాకు తెలియదు. నర్సమ్మంటే సారు భార్య. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, అందరూ అట్లాగే పిలుస్తారు. ఒకరోజు సారు అద్దాల కోసం నా షాపుకే వచ్చారు. కంటికి అద్దం పెట్టి, గోడ మీది అక్షరాలు చదవమన్నాను. ఆయన చదవలేదు. ఆ అద్దంలోంచి నా మొహంలోకి చూస్తూ, "కడుతున్నవారా?" అని అడిగారు.

ఏమిటని అడగనక్కరలేదు. "యాడ సార్, తీరుతలేదు" అన్నాను.

"తీరకపోవుడేంది? చేతులు ఉన్నయి గదా. ఐతారం ప్రార్థన అయినంక ఇంటికి రా."

వెళ్లాను. మొదటి రోజే పైలట్ మీది అద్దపు మూతకు జిగురు అంటిన బొటనవేలు ఆనించి ముద్ర వేసేశాను. రోజూ అద్దాలతో బతికేవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోయాను. సారు పడీపడీ నవ్వారు. "నీ ఏలు ముద్ర పడ్డది, ఇగ ఈ విమానం నీదే" అన్నారు. నెల తిరిగేసరికి వేళ్లకు పాత పని గుర్తొచ్చింది. వరసగా మూడు జాగ్వార్ విమానాలు కట్టాం. ఆదివారం పొద్దున లేవగానే నా మొహం వెలిగిపోయేదని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. నిజమే, అంత సంతోషంగా నేను ఇరవై రెండేళ్లలో లేను.

నాకేమీ కనబడలేదా అంటే, కనబడ్డాయి. సారు బెల్టుకు మేకుతో కొత్త బొక్కలు పడుతున్నాయి. చాయ్ మానేసి జావ తాగుతున్నారు. కొన్ని ఆదివారాలు ఇంటికి తాళం. అడిగితే ధర్మపురి దగ్గర చుట్టాలింట్లో పెళ్లి అనేవారు. అన్ని పెళ్లిళ్లు ఏ చుట్టాలు చేశారో నేను లెక్క అడగలేదు. "బక్కగైతున్నరేంది సార్?" అంటే, "షుగరు బిడ్డా. షుగరు ఎవనికి లేదు గీ కాలంల?" అన్నారు. నమ్మాను. పదిమందికి చూపు సరిచేసే మొనగాణ్ణి, నమ్మాను.

సమాధుల దగ్గర తెలిసింది, ఊరంతా కోడై కూస్తోందని. మందుల షాపతనికి తెలుసు. పాలతనికి తెలుసు. హైదరాబాదు ఆసుపత్రికి పోయే బస్సు దగ్గరికి ప్రతిసారీ దింపిన ఆటో అతనికి తెలుసు. అతనే నా దగ్గరికి వచ్చి, "ఏమనుకోకే అన్నా. గా అద్దాల షాపాయనకు మాత్రం చెప్పకుండ్రి అని ఒట్టేయించుకున్నడు" అన్నాడు.

మాత్రం! నాకు మాత్రం! అందరూ మూడేసి గుప్పిళ్లు మట్టి వేస్తున్నారు. నేను వేయలేదు. వెనక్కి తిరిగి బండెక్కి వచ్చేశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ కాళ్లకు నీళ్లిస్తూ, "ఏడ్సినవా?" అని అడిగింది. లేదన్నాను. ఏడవలేదు కూడా.

పది రోజులకు నర్సమ్మ కబురు పెట్టారు. వెళ్లకూడదనుకునే వెళ్లాను. హాల్లో అదే బల్ల, అవే రెండు కుర్చీలు. కూర్చోమన్నారు. కూర్చోకుండా అడిగాను. "నర్సమ్మా, ఆటోవానికి చెప్పిండ్రు. పాలోనికి చెప్పిండ్రు. నేనేం పాపం చేసిన?"

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నేను చెప్తనంటె కొట్టినంత పని చేసిండు కొడుకా. ఇంటికొచ్చెటోళ్లు అందరు రోగం ముచ్చటే అడుగుతుండ్రు, వాడొక్కడే రెక్క అంటిందా, రంగు ఆరిందా అని అడుగుతడు అన్నడు. ఐతారం ఒక్క పూటన్న నన్ను మనిషి లెక్క కూసోనియ్యి అన్నడు. నీకు చెప్తె నీ చెయ్యి వణుకుతదన్నడు."

ఈ మాట విన్నాక కోపం పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. ఇంకా పెరిగింది. ఆయన మనిషిలా కూర్చున్నారు, బాగుంది. మరి నేను? ఆస్పత్రికి తోడు పోయేవాణ్ణి. బస్సులో పక్కన కూర్చునేవాణ్ణి. కాళ్లు పట్టేవాణ్ణి. తండ్రి లాంటి మనిషికి చివరి చాకిరీ చేసుకునే భాగ్యం ఆటో అతనికి ఇచ్చి, నాకు గరుకు కాగితం ఇచ్చారు. ముప్పై ఏళ్ల కిందట ఏం చేశారో మళ్లీ అదే చేశారు. పక్కన కూర్చుని, అన్నీ తెలిసి, నోరు మెదపలేదు.

నర్సమ్మ ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. సగం అయిన ఆఖరి విమానం. పెద్ద సైజు మిరాజ్. సారే ఏరికోరి తెప్పించారు. "ఆఖరికి మందులకు సోయి ఉండకపోతుండె. ఏం చేసిండో, ఏం మరిసిండో. ఇగ నువ్వే పూర్తి చెయ్యి" అన్నారు.

మరిచింది ఏమిటో నాకు తెలుసు.

ఇప్పుడు చెప్పక తప్పదు. మేము కలిసి కూర్చున్న ఆఖరి ఆదివారం, నేను వంటింట్లోకి మంచినీళ్లకు వెళ్లి వచ్చేసరికి సారు డొల్ల రెండు సగాలూ అంటించి రబ్బరు బ్యాండ్లు వేసేశారు. సాసర్‌లో ఐదు గుండ్లూ అట్లాగే ఉన్నాయి. చూశాను. అప్పటికి జిగురు పచ్చిగానే ఉంది. ఒక్క మాట అంటే చాలు, విప్పదీసి వేసేవాళ్లం. నేను అనలేదు. లోపల ఒకటే నవ్వు. ఎన్నేళ్లకు దొరికారు! చక్రాలు పెట్టిన రోజు అది కూలబడుతుంది, "చూసినవారా?" అని అడుగుతారు, "చూసిన" అంటాను. సారు గమనిస్తారేమోనని ఆ ఐదు గుండ్లనూ మెల్లగా తీసి నా జేబులో వేసుకున్నాను.

"వచ్చే ఐతారం చక్రాలు పెడుదాం" అన్నారు సారు, గుమ్మం దాకా వచ్చి. ఆ ఆదివారం వెళ్తే ఇంటికి తాళం. చుట్టాలింట్లో పెళ్లి అనుకున్నాను. ఆ పై ఆదివారం రాకముందే ఫోను వచ్చింది.

నర్సమ్మ ముందు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆవిడకు చెప్పలేదు. డబ్బా తెచ్చి షాపులో కౌంటర్ కింద పెట్టాను. మళ్లీ జిగురు ముట్టకూడదనుకున్నాను. వారం ఆగాను. ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. చేతులు ఊరుకోలేదు.

షాపు షట్టరు సగం దించుకుని కూర్చుని, రంగు వేశాను. మూడు చక్రాలూ అంటించి, వెల్లకిలా పడుకోబెట్టి ఆరనిచ్చాను. తొందరపడలేదు. తర్వాత తిప్పి గాజు కౌంటర్ మీద నిలబెట్టాను. తోక టక్కున గాజుకు తగిలింది. ముక్కు పైకి లేచింది.

"చూసిన సార్" అన్నాను. పైకే అన్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఇప్పుడు ఆ మిరాజ్ మా కౌంటర్ మీదే ఉంటుంది. పక్కన చాయ్ సాసర్‌లో ఐదు సీసం గుండ్లు. అద్దాల కోసం వచ్చినవాళ్లు అడుగుతూనే ఉంటారు. మొన్న ఒక పెద్దాయన కొత్త అద్దాలు పెట్టుకుని వంగి చూసి, "గిదేంది, తోక మీద కూసున్నది? అగ్గిపుల్ల ఉంటె తే, కింద పెడ్తె మంచిగ నిలబడ్తది" అన్నాడు. జేబులోంచి అగ్గిపెట్టె కూడా తీశాడు.

"పుల్ల పెట్టకు పెద్దాయనా" అన్నాను. "కూసోనియ్యి."