పచ్చరంగులో రాసిన ఎరుపు

మా ఊరు మంఖాల్ చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యాక నాకూ మా అక్కకూ కూలిపని కరువైంది. గగన్‌పహాడ్‌లో ఒక గోదాము వాళ్లు ఆడవాళ్లను తీసుకుంటున్నారని తెలిసి ఇద్దరం పోయాం. విమానాల్లో పంపే పెట్టెలను రంగు స్టిక్కర్లు చూసి వేరుచేసే పని. నేను పదో తరగతి పాసయ్యాను. అక్క బడి గడప తొక్కలేదు. ఇంట్లో నన్ను ఎత్తుకుని తిరగడానికి ఒకరుండాలి కదా, అందుకని మా అవ్వ, అంటే అమ్మ, ఆమెను ఇంట్లోనే ఆపేసింది. పెనిమిటి పోయిన మనిషి, ఆ ఉద్యోగం నాకంటే ఆమెకే ఎక్కువ అవసరం.

పరీక్ష కంప్యూటర్ మీద. తెర మీద ఒక మాట వస్తుంది, అది ఏ రంగులో ఉందో టక్కున చెప్పాలి. ఓస్, ఇంతేనా అనుకున్నాను. "ఎరుపు" అని వచ్చింది, అక్షరాలేమో పచ్చవి. "ఎరుపు" అనేశాను. పసుపు అక్షరాల్లో "నీలం" అని వచ్చింది. మళ్లీ తప్పే. కంటికి రంగు కనబడుతూనే ఉంది, నోరు మాత్రం అక్షరం వెంట పరుగెడుతోంది. చదవొద్దు, చదవొద్దు అని ఎంత అనుకున్నా, చదువొచ్చిన కన్ను ఊరుకుంటుందా?

"రంగు చెప్పమన్నానమ్మా, చదవమనలేదు," అన్నాడు పరీక్ష పెట్టే సారు, నా మొహమైనా చూడకుండా. నన్ను వద్దని పక్కకు పంపేశాడు.

నా తర్వాత అక్క. గడగడా చెప్పేసింది. ఆమెకు అవి అక్షరాలు కావు, వట్టి గీతలు. ఒక్కటీ తప్పలేదు. సారు మొహం విప్పారింది. ఒక పెట్టె ముందుకు జరిపి, "దీని మీద ఊరి పేరు చదవండి," అన్నాడు.

అక్క పెట్టెను చూసింది, నన్ను చూసింది.

"చదువు రాదా? మరెలా తీసుకుంటామమ్మా!"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏంది సారూ గిది? సదివినని నన్నొద్దంటివి, సదవలేదని మా అక్కనొద్దంటివి. ఇగ ఎవల్ని తీసుకుంటవ్?"

అతను తర్వాతి మనిషిని పిలిచాడు.

శంషాబాద్ దాకా ఆటోలో నేను ఆ సారునూ, ఆ కంప్యూటర్‌నూ కలిపి తిడుతూ కూర్చున్నాను. దిగాక అక్క అడిగింది, "గా తెర మీద ఏం రాసుండె, చెల్లె?"

"ఎరుపని రాసిండ్రక్కా. రంగేమో పచ్చది."

అవ్వ బతికుండగా గానీ, పోయాక గానీ, అక్క ఆమె మీద ఒక్క మాట అనగా నేను వినలేదు. ఆ రోజు రోడ్డు మీద నిలబడి అంది:

"అవ్వ పొమ్మంటె నిన్ను సంకల ఎత్తుకొని గూడ బడికి పోతుంటి. ఒక్కసారన్న పొమ్మనలే."