అన్ని ఫోటోలకూ అనుమతి

మా స్త్రీల సమాజానికి ఒక పుస్తకం ఉంది. రెండు వందల పేజీల రూళ్ళ పుస్తకం. పందొమ్మిదేళ్ళలో ఇది ఏడోది. నెలలో రెండో శుక్రవారం, నాలుగో శుక్రవారం ఆళ్లగడ్డ చర్చిలో మా కూడిక. కూడిక మొదలయ్యే ముందు ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి, చెవి దగ్గర వంగి, తమ ప్రార్థన అంశం చెబుతారు. నేను రాసుకుంటాను. ఎడమ పక్క తేదీ, మధ్యలో పేరూ అంశమూ, కుడి పక్క ఖాళీ గడి. ప్రార్థన నెరవేరితే ఆ గడిలో నెరవేరిన తేదీ వేస్తాను. పైకి మాత్రం పేర్లు చదవను. "ఆరోగ్యం కోసం నలుగురు, బిడ్డల చదువు కోసం ముగ్గురు" అని లెక్క చెబుతాను, అందరూ కళ్ళు మూసుకుంటారు. ఎవరిది ఏదో నాకూ పుస్తకానికీ తప్ప తెలియదు.

ఆళ్లగడ్డలో ఇరవై రెండేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. రిటైరయ్యాక నంద్యాలకు వచ్చేశాను గాని ఈ కార్యదర్శి పని నన్ను వదల్లేదు. నెలకు రెండుసార్లు బస్సెక్కి పోతాను, సాయంత్రానికి వచ్చేస్తాను. పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేస్తాను. తాళంచెవి నా నడుముకే ఉంటుంది.

రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం బస్టాండు నుంచి ఇంటికి వస్తుంటే వాన పట్టుకుంది. సంచి తడిసి పదకొండు పేజీలు ఇంకు కారిపోయాయి. ఆ పదకొండు పేజీల్లో ఎవరేం చెప్పారో గుర్తు తెచ్చుకుని మళ్ళీ రాయడానికి వారం పట్టింది. మూడు అంశాలు ఎవరివో ఎంతకీ తట్టలేదు. అప్పటి నుంచి రాసిన పేజీని ఆ రోజే ఫోన్‌తో ఫోటో తీసుకోవడం అలవాటు చేసుకున్నాను. కాగితం తడుస్తుంది, ఫోన్‌లో ఉన్నది తడవదు అనుకున్నాను. అంతవరకే ఆలోచించాను.

వాక్యం యాప్ ఆ తరువాతి సంగతి. రోజుకొక బైబిలు వాక్యం, వెనక ఒక బొమ్మ. ఆ బొమ్మలు జలపాతాలూ మంచుకొండలూ. మేము ఎన్నడూ చూడనివి. మన ఫోటోలే వెనక పెట్టుకోవచ్చని అందులో ఒక మీట కనిపిస్తే నొక్కాను. ఫోన్ అడిగింది. ఎంచుకున్న ఫోటోలు మాత్రమే చూపించాలా, అన్నీ చూపించాలా, అసలు వద్దా అని. బియ్యం బస్తా మీద ముద్ర కూడా చదివి కొనేదాన్ని నేను. ఆ ప్రశ్నను కూడా చదివాను. ఒక్కొక్క ఫోటో ఏరుతూ కూర్చోవడానికి ఓపిక లేక 'అన్నీ' అని నొక్కాను. మరునాటి నుంచి రోజుకొక ఫోటోను అదే ఏరుకునేది. మా పెరట్లో మల్లెచెట్టు మీద వాక్యం వచ్చింది, చర్చి గేటు మీద వచ్చింది, ఎప్పుడో తీసిన గోంగూర పచ్చడి జాడీ మీద కూడా వచ్చింది. రోజూ ఉదయం ఆరు గంటలకు దాన్ని మా సమాజం వాట్సాప్ గుంపుకు పంపేదాన్ని. గుంపులో నేను కాక నలభై ఆరు మంది.

పదిహేడో తారీఖు మంగళవారం ఆరు గంటల రెండు నిమిషాలకు పంపాను. కళ్ళజోడు పెట్టుకోలేదు. వాక్యం అక్షరాలు పెద్దవి కాబట్టి అది కనిపించింది. వెనక ఏదో తెల్లగా, గీతలు గీతలుగా ఉంది. గోడనుకున్నాను. పన్నెండు మంది ఆమెన్ అని పెట్టారు. ఆరూ నలభైకి మా కోశాధికారి ఫోన్ చేసింది. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, మాటకు ముందూ వెనకా చూడదు.

"ఏందక్కా, ఈపొద్దు వాక్యం కింద మన పుస్తకం పెట్టినావ్?"

"ఏ పుస్తకం?"

"మన ప్రార్థన పుస్తకమే. వేళ్ళు పెట్టి సాగదీస్తే నీ రాత కనపడతాండాది. నీ రాత తెలీనోళ్ళెవరక్కా, అచ్చు గుద్దినట్టుంటాది."

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. అంతకు ముందు శుక్రవారం, పదమూడో తారీఖున ఫోటో తీసిన పేజీ. తొమ్మిది అంశాలు. ఏడింటిని వాక్యం అక్షరాలు కప్పేశాయి. కింద రెండు బయటే ఉన్నాయి. ఒకటి ఒకామె కొడుకు బ్యాంకు పరీక్ష. రెండోది హాస్టల్లో వంట చేసే ఆమెది. పేరు, దాని పక్కన 'ఫిట్స్, ఈ నెలలో మళ్ళీ రెండుసార్లు', ఆ పక్కన 'హాస్టల్లో తెలియకూడదు'. తెలియకూడదు అన్న మాట కింద ఎర్ర ఇంకుతో గీత గీసింది నేనే.

"చెరిపేయక్కా తొందరగా," అంది కోశాధికారి. "నేనైతే ఎవురికీ చెప్పను."

చెరిపేశాను. అప్పటికే ముప్పై ఒక్కరు చూశారని ఫోన్ చూపించింది. మిగిలిన పదిహేను మందికి ఏదో తీసేసినట్టు ఒక్క మాటే కనిపించింది. ఏం తీసేశావని వాళ్ళు నన్ను అడగడం మొదలుపెట్టారు. చెరపకుండా ఊరుకుంటే అడగకుండా ఉండేవాళ్ళేమో.

ఆ వంట చేసే ఆమె ఏడో తరగతిలో నా దగ్గర లెక్కలు చదివింది. భిన్నాల కాడ నా చేత దెబ్బలు తిన్నది. ఇప్పుడు నలభై దాటాయి. ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బాలికల హాస్టల్లో ఎనభై మందికి వండుతుంది. కింద ఇద్దరు సాయం. ఫిట్స్ సంగతి ఏడాది కిందట నాకు చెప్పింది. భర్తకు తెలుసు, నాకు తెలుసు, మందులిచ్చే డాక్టరుకు తెలుసు. మరుగుతున్న సాంబారు గుండిగ ముందు ఆమె నిలబడుతుందని కూడా నాకు తెలుసు. నేను తేదీ వేసి రాసుకున్నాను, ప్రార్థన చేశాను. పొయ్యి దగ్గరికి పోవద్దని ఒక్కసారి కూడా అనలేదు. ఆ పని పోతే ఏమవుతుందో తెలిసి అనలేకపోయాను. ఇది కూడా నా లెక్కలోనే పడాలి.

మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పది గంటలకు కోశాధికారే మళ్ళీ చేసి చెప్పింది, హాస్టల్ వార్డెన్‌కు తెలిసిపోయిందని. మా గుంపులో ఒకామె అక్కడ ఊడ్చే పనికి పోతుంది. ఆమె చెడ్డ బుద్ధితో చెప్పలేదు. "పాపం, ఆయమ్మకు అట్లుందంట" అని జాలిపడుతూ చెప్పిందట.

ఆ మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అనే చోట, ఏ యాప్‌కు ఏం చూసే అనుమతి ఉందో అంతా వరసగా ఉంది. అది ఆ ఫోన్‌లో మొదటి నుంచీ ఉందట, నేనే ఎప్పుడూ తెరవలేదు. ఒక కాగితం మీద గళ్ళు గీసుకుని రాశాను. మొత్తం యాప్‌లు ముప్పై ఒకటి. నా ఫోటోలు చూడగలిగినవి పదమూడు. నా దగ్గరున్న నంబర్లన్నీ చూడగలిగినవి పదహారు. నేను ఎక్కడున్నానో చూసేవి తొమ్మిది. మైకు వాడుకోగలిగినవి ఏడు. టార్చిలైటు యాప్‌కు నా మైకు ఎందుకు? కూరగాయల ధరలు చెప్పే యాప్‌కు నా వాళ్ళ నంబర్లు ఎందుకు? ఏ ఒక్కటీ దొంగతనంగా రాలేదు. ప్రతిదీ అడిగింది, ప్రతిదానికీ నేనే సరే అన్నాను. తొందరలో, విసుగులో, అవతల కుక్కర్ కూత వేస్తుంటే.

ఒక్కొక్కటీ తీసేస్తూ పోయాను. రెండు గంటలు పట్టింది. వాక్యం యాప్‌ను పూర్తిగా తీసేశాను. మాట్లాడే దానికి మైకు, వీడియోలో మనుషుల్ని చూసే దానికి కెమెరా ఉంచాను. మిగిలినవన్నీ ఇప్పుడు తెరిచిన ప్రతిసారీ మళ్ళీ అడుగుతాయి. వద్దు అని నొక్కుతాను. రేపు మళ్ళీ అడుగుతాయి. వద్దు అనడం కూడా ఒక పనే అయింది. డెబ్బై నాలుగేళ్ళ వయసులో రోజుకు ఇన్నిసార్లు వద్దు అనాల్సి వస్తుందని అనుకోలేదు.

గురువారం పొద్దున బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. కూడిక లేని రోజు అక్కడికి పోవడం రిటైరయ్యాక అదే మొదటిసారి. హాస్టల్లో వంట చేసే ఆమె ఇంట్లోనే ఉంది. కింద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. అలవాటు కొద్దీ వేసింది.

"నీళ్ళు కావాల్నా మేడం?"

"వద్దు. తప్పు చేశాను."

"అవు," అంది.

వస్తూ బస్సులో అనుకున్న మాటలు నాలుగైదు ఉన్నాయి. ఆ "అవు" తరువాత ఒక్కటీ పనికి రాలేదు.

"వార్డెన్ ఏమంది?" అని అడిగాను.

"ఏమంటాది? అరిచిందా అంటే అరవలా. బో మర్యాదగా చెప్పింది. డాక్టరు కాడ రాయించుకోని రా, అందాక పొయ్యి కాడికి రావాకు అనింది. కూరగాయలు కోసే కాడ కూకోబెట్టినారు. నేను పని నేర్పించిన పిల్ల ఇప్పుడు నాకు చెప్తాండాది, వంకాయలు ఇంత లావు వద్దక్కా అని." చింతపండు ముద్దను గిన్నెలోకి విసిరింది. "ఈపొద్దు రానని చెప్పి ఇంట్లో ఉండా."

"మందులు వేసుకుంటున్నావా?"

"ఏసుకుంటాండా. అది రాసుకోలేదా మీరు?"

ఆమె చేతులు తుడుచుకుని అడిగింది.

"పుస్తకం తెచ్చినారా?"

తెచ్చాను. తెరిచి ఆ పేజీ చూపించాను. పెన్ను తీసి ఆమె వరసను కొట్టేయబోయాను.

"కొట్టేస్తే కింద కనపడదా? మేం పరీక్షల్లో కొట్టేసిందాన్ని మీరు చదివి మార్కులు తీసేటోళ్ళు. చింపండి."

పందొమ్మిదేళ్ళలో ఒక్క పేజీ చింపలేదు. ప్రతి పేజీకీ నంబరు వేసుకున్నాను. వెనక వైపు ఇంకో ఎనిమిది మందివి ఉన్నాయి, నాలుగు నెరవేరిన తేదీలు ఉన్నాయి. ఆమె నా చేతి వంక చూస్తోంది. చింపాను. సరిగ్గా రాలేదు, కుట్టు దగ్గర ఒక ముక్క మిగిలింది. అది కూడా గోటితో పీకేశాను. ఆమె తీసుకుని చదవలేదు. మడిచి పొయ్యిలో పెట్టింది.

"ఫోన్లో ఉండేది?"

ఫోన్ తీసి ఆమె ముందే చెరిపేశాను. చెరిపినవి ముప్పై రోజులు ఇంకోచోట ఉంటాయని రెండు రోజుల కిందటే తెలుసుకున్నాను. ఆ చోటు కూడా తెరిచి, అక్కడా చెరిపాను. ఏడాదిలో ఆమె పేరున్న పేజీల ఫోటోలు ఇంకా ఆరున్నాయి. వాటినీ అట్లాగే చెరిపి, పుస్తకంలో ఆ పేజీలు కూడా చింపి ఆమెకిచ్చాను. ఒక్కొక్కటి చూపిస్తూ చేశాను, ఆమె తల ఊపుతూ చూసింది.

"ఇంగ యాడా లేదు గదా మేడం?"

నేను లెక్కల టీచర్ని. మిగిలింది సున్నా అని నిరూపించగలిగితేనే సున్నా అంటాను. ముప్పై ఒక్కరు చూశారు. వాళ్ళలో ఎవరి ఫోన్‌లో అది దానంతట అదే దిగి కూర్చుందో తెలియదు. నా ఫోటోలను ఏడాదిగా చూస్తూ వచ్చిన ఆ పదమూడు యాప్‌లు ఏది ఎక్కడికి పంపాయో తెలియదు.

"తెలియదు," అన్నాను.

"లేదని అబద్ధం చెప్పుంటే నమ్మేదాన్ని," అంది. బస్సు టైమయిందని ఆమే గుర్తు చేసింది. వీధి చివరి దాకా వచ్చింది.

ఇరవై ఏడో తారీఖు, నాలుగో శుక్రవారం, కూడికకు పోయాను. ఆమె రాదనుకున్నాను. వచ్చింది, వెనక వరసలో కూర్చుంది. నేను మామూలుగా కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాను. మొదటి ఆమె వచ్చి వంగింది.

"నాదొకటుండాదక్కా. చెప్పను. దేవునికి తెలుసు."

రెండో ఆమె కూడా అదే మాట. మూడో ఆమె నా చేతిలో పెన్ను వంక చూసి, "రాసుకోకుండా ఉంటే చెప్తా" అంది. పెన్ను మూశాను. అయినా ఒక్క క్షణం ఆలోచించి, "ఉండనీలే అక్కా" అని పోయింది. పదకొండు మంది వచ్చారు. పదకొండు మందీ చెప్పలేదు. కోశాధికారి కూడా చెప్పలేదు, ముఖం పక్కకు తిప్పుకుని నా భుజం తట్టి పోయింది.

చివరగా ఆమె లేచింది. నా దగ్గరికి రాలేదు. ఉన్నచోటే నిలబడి, అందరికీ వినపడేట్టు చెప్పింది.

"నాది ఊరంతా చదివిందే గదా, ఇంగ నాకు గుసగుసలెందుకు? సోమారం నంద్యాల పెద్ద డాక్టరు కాడికి పోతాండా. పొయ్యి కాడ నిలబడొచ్చని ఆయన రాయాల. అది అడగండి. నా పేరు పెట్టే అడగండి."

ఎవరో నవ్వారు, ఆమె కూడా కొంచెం నవ్వింది. నా వైపు మాత్రం చూడలేదు. నేను లేచి లెక్క చదివాను. చెప్పని అంశాలు పదకొండు, చెప్పినది ఒకటి. ఆమె పేరు పైకి చదివాను. ఈ సమాజంలో ప్రార్థనకు ముందు ఒకరి పేరు పైకి చదవడం నాకు అదే మొదలు. అందరూ కళ్ళు మూసుకున్నారు. పుస్తకంలో తేదీ ఒక్కటే వేశాను.