ధర్సీవా దగ్గర ఎర్రజెండా

ఇప్పుడు బండి ఆగితే ఎవరికో ఫోను చేసి ఏసీలో కూర్చుంటున్నారు. బానెట్ ఎత్తడం రానివాడికి స్టీరింగు ఎందుకివ్వాలో నాకిప్పటికీ అర్థం కాదు.

నేను బడికి వెళ్లింది తక్కువ. ఇంజిను సంగతులు హిందీ పుస్తకాలు కొని చదివి నేర్చుకున్నాను. రాయపూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం ముగిశాక పాత స్కూలు బస్సు ఒకటి కొని, సీట్లు పీకేసి, మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టి ఇల్లు చేశాను. దేశం చూడాలని. దేశం సంగతేమో గాని, రోడ్ల పక్క మట్టి మాత్రం బాగా చూశాం. చివరికి మా ఆవిడ తేల్చేసింది.

"ఈసారి అమరకంటక్ ఎల్లేలోగా ఒక్కసారి చెడినా దీన్ని పాత ఇనుము కొనే కబాడీవోడికి ఇచ్చేయాల. మాటేనా?"

మాటే అన్నాను. ధర్సీవా దగ్గర రేడియేటర్ గొట్టం బుస్సుమంది.

మాతో వచ్చిన మా ఆవిడ అన్నయ్య రైల్వే గార్డుగా రిటైరైనవాడు. రైలు దారిలో ఆగిపోతే వెనక వచ్చేది గుద్దకుండా గార్డు ఎర్రజెండా పట్టుకుని వెనక్కి నడవాలి. పింఛను తీసుకుంటున్నా ఆ జెండా ఆయన సంచిలోనే ఉంటుంది.

"బావా, ఇది పట్టాలు కాదు. పక్కనుంచి పోతారు" అన్నాను.

"నీ గొట్టం నువ్వు చూసుకో. ఎనక రక్షణ నాది" అని వెళ్లి రోడ్డు నడిమధ్యన నిలబడ్డాడు.

మా రాష్ట్రంలో రోడ్డు మీద జెండా కనబడితే చక్కా జామ్ అనుకుంటారు, అంటే ఏదో కోపం మీద రోడ్డు బందు పెట్టడం. మొదటి లారీవాడు మారు మాట్లాడకుండా ఇంజిను ఆపి, దిగి బీడీ వెలిగించాడు. కాసేపటికి ఇనుము లారీలు, సిమెంటు లారీలు బారులు తీరాయి. షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ కూలీలు వచ్చి రోడ్డు మీదే కూర్చున్నారు.

"కా మాంగ్ హే కకా?" డిమాండ్లేమిటని ఒకడు బావని అడిగాడు.

"గాడీ ఠీక్ హోనే తక్ కోయీ నహీ జాయేగా." బండి బాగయ్యేదాకా ఎవరూ కదలరని బావ గంభీరంగా సెలవిచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు.

నేను బస్సు కింద పడుకుని పగిలిన గొట్టానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగిస్తున్నాను. మా ఆవిడ కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏటండీ అది?"

నాకు దారి దొరికింది. "చక్కా జామ్. అందరూ ఆగారు, మనమూ ఆగాం. బండి చెడిందని ఎవరన్నారు?"

"మన ముందు ఒక్క బండీ లేదు. జెండా పట్టుకున్నోడు మా అన్నయ్య. నేను స్టేషన్ మాస్టరు కూతుర్నండీ. ఆలస్యాన్ని పక్కోడి ఖాతాలో రాయడం పుట్టిన కాణ్నుంచీ చూస్తన్నాను."

ఇంజిను అందుకుంది. బావ సంచిలోంచి పచ్చజెండా కూడా తీసి ఊపాడు. కూలీలు నిరాశగా లేచారు.

బిలాస్‌పూర్ దాకా కబాడీవాడి ముఖం నా కళ్ల ముందు ఆడుతోంది. అక్కడ రైల్వే స్టేషను దగ్గర మా ఆవిడ ఆపమంది. సంచీ తీసుకుని దిగింది.

"మాట మాటే. అమ్మేస్తాను" అన్నాను.

"అమ్మితే మీరు రోజంతా ఇంట్లో ఉంటారు. అది పడలేను. బండి మీరే ఉంచుకోండి, నేను రైల్లో వస్తాను."

మేం అమరకంటక్ చేరేసరికి ఆవిడ స్నానం చేసి, భోంచేసి, సత్రం అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"మళ్లీ ఆగిందా?"

"లేదు" అన్నాం ఇద్దరం ఒకేసారి. బావ మసిచేతులు వెనక్కి పెట్టుకున్నాడు.