భాష ఎక్కడ ఎంచుకోవాలో వెతికిన రత్నకుమారి గారు

మొన్న ఉదయం ప్రాక్టికల్ పరీక్ష కోసం ల్యాబ్ తలుపులు తీస్తుండగా ఫోన్ మోగింది. మా కంప్యూటర్ విభాగానికి చిరకాలం అధిపతిగా ఉండి, రెండేళ్ల కిందట పదవీ విరమణ చేసిన రత్నకుమారి గారు గుండెపోటుతో కన్నుమూశారని కొత్తపేట నుంచి వారి తమ్ముడు చెప్పారు. ముందురోజే నాతో అరగంట మాట్లాడిన మనిషి. విన్నది మనసుకెక్కక, "ఏ రత్నకుమారి గారండీ?" అని అడిగాను. ఆ ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అమలాపురంలోని మా కళాశాలలో పదకొండేళ్లు ఆమె కింద పనిచేశాను. మితభాషిణి. అపారమైన విషయ పరిజ్ఞానం ఉన్నా ఎవరినీ చిన్నబుచ్చి ఎరగరు. "తెలీదు అని చెప్పే పిల్లలతో మనకి బాధ లేదండీ. తెలీదని చెప్పడానికి భయపడేవాళ్లనే కనిపెట్టుకుని ఉండాలి" అనేవారు. ఆ మాటలోని ఆర్ద్రత ఎంతటిదో నా తప్పు మూలంగానే నాకు తెలిసివచ్చింది.

మా ల్యాబ్‌లో ప్రోగ్రాములు రాసే ఎడిటర్‌లో 'భాష' అన్న మాట రెండు చోట్ల ఉండేది. పై మెనూలో ఉన్నది నొక్కితే తెరమీది మాటలు తెలుగులోకో ఇంగ్లీషులోకో మారేవి. ప్రోగ్రామ్ సి భాషలో రాస్తున్నామా, పైథాన్‌లోనా అని చెప్పవలసిన చోటు మాత్రం కింద మూలన, కళ్లు చికిలిస్తే తప్ప కనబడనంత చిన్న అక్షరాల్లో ఉండేది. పైగా అంతకుముందు కూర్చున్నవారు ఏది పెడితే అదే అలాగే ఉండిపోయేది.

ఒక పరీక్షలో కాట్రేనికోన నుంచి వచ్చే దుర్గ అనే అమ్మాయి సి భాషలో ప్రోగ్రామ్ రాసింది. ఎడిటర్ పైథాన్‌లో ఉంది. నడిపించగానే తెరనిండా తప్పులే. పాపం ఆ పిల్ల పై మెనూలోని 'భాష'నే పదేపదే నొక్కుతూ కూర్చుంది. సమయం అయిపోయింది. పర్యవేక్షకుణ్ణి నేను. 'ప్రోగ్రామ్ నడవలేదు' అని రాసి సున్నా వేశాను. మర్నాటి నుంచి దుర్గ కాలేజీ మానేసింది. వారం తిరక్కుండా ఆమె తండ్రి సర్టిఫికెట్లు ఇచ్చేయమని వచ్చారు.

రత్నకుమారి గారు ఆయన్ని రెండు రోజులు ఆగమని పంపి, దుర్గ జవాబు పత్రం తెప్పించి, అందులోని ప్రోగ్రామ్‌ను అక్షరం పొల్లుపోకుండా తనే టైపు చేసి, కింద మూలన సి భాష పెట్టి నడిపించారు. తర్వాత నన్ను పిలిచారు.

"మాస్టారూ, ఇది నడిచిందండీ. ఈ పిల్ల తప్పేంటి?"

"భాష ఎంచుకోలేదండీ."

"ఎక్కడ ఎంచుకోవాలో ఓసారి చూపించండి."

ధీమాగా మౌస్ అందుకుని పై మెనూలో 'భాష' నొక్కాను. తెలుగు, ఇంగ్లీషు అని రెండు పేర్లు తెరుచుకున్నాయి. ఆమె నవ్వలేదు. "మీకే దొరకలేదు కదండీ" అన్నారు మెల్లగా.

మర్నాడు ఇద్దరం కాట్రేనికోన వెళ్లాం. దుర్గ తండ్రి వాకిట్లో వల బాగుచేసుకుంటున్నారు.

"తప్పు మీ అమ్మాయిది కాదండీ, మాదే" అన్నారు రత్నకుమారి గారు.

"మరి సున్నా ఎవరేసేరండీ?"

ఆమె నావైపు చూడలేదు. జవాబు నాకే వదిలేశారు.

"నేనేనండీ" అన్నాను.

ఆయన వల కింద పెట్టారు. "మా పిల్ల సరిగ్గా అన్నం తిని ఎన్నాళ్లయిందోనండీ. ఆ మాటేదో దానికే చెప్పండి."

గుమ్మంలో నిలబడ్డ దుర్గతో, "నీ ప్రోగ్రామ్ సరైనదేనమ్మా. నేనే చూసుకోకుండా సున్నా వేశాను" అన్నాను. ఆ పిల్ల మేడమ్ గారి వైపు తిరిగి, "మళ్లీ రాయనిస్తారాండీ?" అని అడిగింది.

"ఆయ్, ప్రిన్సిపాల్ గారిని ఒప్పించేకే వచ్చేమమ్మా" అన్నారామె.

దుర్గ తిరిగి వచ్చింది, మళ్లీ పరీక్ష రాసి నెగ్గింది. నేనైతే అంతటితో ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఆమె ఊరుకోలేదు. ఆ ఎడిటర్‌ను తయారుచేసేవారు ఎక్కడెక్కడో ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు. వారికి ఉత్తరం రాశారు. వాడే విధానమంతా సహాయ పుటల్లో ఉందని ముక్తసరి జవాబు వచ్చింది. అప్పుడామె విద్యార్థులతో పాటు మా తెలుగు లెక్చరర్ గారినీ, ఆఫీసు గుమస్తానూ ఒక్కొక్కరుగా కూర్చోబెట్టి, భాష మార్చమని చెప్పి, పెదవి విప్పకుండా పక్కన నిలబడి, ఎవరి చెయ్యి ముందు ఎటు వెళ్లిందో రాసుకున్నారు. ఒకటి 'తెర భాష', రెండోది 'ప్రోగ్రామ్ భాష' అని పేర్లు విడదీయాలనీ, రెండోది నడిపించే మీట పక్కనే పూర్తి పేరుతో కనబడాలనీ, కొత్త ఫైలు తెరవగానే ఏ భాషో అడగాలనీ బొమ్మలు గీసి పంపారు. ఏడాది పైగా ఓపిగ్గా ఉత్తరాలు నడిపారు.

చివరికి కొత్త ఎడిటర్ అలాగే వచ్చింది. ఆమె పేరు ఎక్కడా లేదు. నేను నొచ్చుకుంటే, ఆమె కళ్లజోడు సవరించుకుని తెరలోకి వంగి, "సి, సి ప్లస్ ప్లస్ ఇంకా పక్కపక్కనే ఉన్నాయండీ. తొందర్లో ఒకటనుకుని ఇంకోటి నొక్కేస్తారు. మళ్లీ రాద్దాం" అన్నారు.

అంత్యక్రియల నాడు కొత్తపేటలో దుర్గ కనిపించింది. ఇప్పుడు రాజోలులో ఒక స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతోంది. నా దగ్గరికి వచ్చి అంది: "నాకేదన్నా రాకపోతే మేడమ్ గారికి ఫోన్ చేసేదాన్నండీ. ఇంత చిన్నది అడగొచ్చా అని ఎప్పుడూ అనుకోలేదండీ. ఇప్పుడు ఎవర్ని అడగనండీ?"

నన్ను అడగమ్మా అందామనుకున్నాను. ఆ మాట అనడానికి కావలసిన అర్హత నాకింకా రాలేదు. ఆ విదుషీమణి పాదాలకు నా వినమ్ర ప్రణామం.